ఎలక్ట్రాన్ లెక్కకు రెండు జవాబులు, బండ లెక్కకు ఏ ఉష్ణోగ్రత?

తాడిపత్రి_మెకానికల్:
అన్నలూ, సార్లూ, రెండు లెక్కలు అడగాల. నాకు థర్డియర్ హీట్ ట్రాన్స్‌ఫర్, చెల్లెలికి ఫస్టియర్ ఫిజిక్స్. ఇద్దరికీ పరీక్షలు ఒకేసారి వచ్చినాయి.

చెల్లెలిది: ఎలక్ట్రాన్ స్థానంలో అనిశ్చితి 0.1 నానోమీటరు. వేగంలో కనీస అనిశ్చితి ఎంత? ఒక పుస్తకంలో సెకనుకు 5.8×10⁵ మీటర్లు, ఇంకోదాంట్లో 1.16×10⁶. ఏది రాయాల?

నాది: అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు నాపరాయి బండ. బండ 60 డిగ్రీలు, గాలి 40. గాలి సెకనుకు 2 మీటర్ల వేగంతో బండ మీదుగా పోతాంది. పై తలం నుంచి గాలికి ఎంత వేడి పోతాదో కట్టాల. టేబుల్లో గాలి విలువలు 60 దగ్గర చూడాల్నా, 40 దగ్గరనా?

కర్నూలు_గేట్:
రెండూ కాదు తమ్ముడూ, 50 దగ్గర చూడు. చెల్లెల్ని 5.8 రాయమను.

కడప_ఫిజిక్స్_మాష్టారు:
జవాబులు సరే, కారణం కూడా తెలియాల గదా నాయనా.

అనిశ్చితి సూత్రానికి 1927లో హైజెన్‌బర్గ్ ఇచ్చింది సుమారు అంచనా. ఆ యేడే కెనార్డ్ అనే భౌతిక శాస్త్రవేత్త, అనిశ్చితి అంటే ప్రామాణిక విచలనం అని పెట్టుకొని, స్థాన, ద్రవ్యవేగ అనిశ్చితుల లబ్ధం ప్లాంక్ స్థిరాంకంలో 4పై వంతు కంటే తగ్గదని నిరూపించినాడు. 5.8 దాన్నుంచి వచ్చింది. రెండో పుస్తకం 2పై వాడింది, అందుకే సరిగ్గా రెట్టింపు. పాప మొదటి లైన్లోనే ఏ సూత్రం వాడిందో రాయాల. ఆ వేగానికి గతిజశక్తి కట్టి చూడమను, దాదాపు 0.95 ఎలక్ట్రాన్ వోల్టు వస్తుంది. పరమాణువు కొలతకు తగిన శక్తే.

ఇక బండ. రాతిని ఆనుకున్న పలుచని గాలి పొరలో ఉష్ణోగ్రత 60 నుంచి 40కి దిగుతుంది, అందుకే సగటు 50. అక్కడ గాలి కైనమాటిక్ స్నిగ్ధత (స్నిగ్ధతను సాంద్రతతో భాగిస్తే వచ్చేది) 1.8×10⁻⁵, ఉష్ణ వాహకత 0.028, ప్రాంటిల్ సంఖ్య 0.7. వేగాన్ని పొడవుతో గుణించి ఆ స్నిగ్ధతతో భాగిస్తే రేనాల్డ్స్ సంఖ్య, సుమారు 55,600. 5 లక్షల లోపే కాబట్టి ప్రవాహం పొరలు పొరలుగా సాగుతుంది, 0.664 సూత్రం (నస్సెల్ట్ సంఖ్య = 0.664 × రేనాల్డ్స్ వర్గమూలం × ప్రాంటిల్ ఘనమూలం) చెల్లుతుంది. నస్సెల్ట్ 139, దాన్నుంచి ఉష్ణ బదిలీ గుణకం 7.8, పోయే వేడి సుమారు 39 వాట్లు. ఈ గుణకం గాలికి పుట్టుకతో ఉండే గుణం కాదు, వేగం మారితే అదీ మారుతుంది. గాలి నిలిచిపోతే ఈ సూత్రమే పనికిరాదు, వేడెక్కిన గాలి తనంతట తానే పైకి లేచే లెక్కకు వాడే గ్రాషాఫ్ సంఖ్యతో కట్టాల.

తాడిపత్రి_మెకానికల్:
సార్, డిగ్రీలకు 273 కలపాల్నా?

కడప_ఫిజిక్స్_మాష్టారు:
ఇక్కడ కావలసింది తేడా, అది ఎట్లయినా 20 డిగ్రీలే. తేడాకు మాత్రం 273 కలపొద్దు. వికిరణం కట్టేటప్పుడు కెల్విన్ తప్పదు, నాలుగో ఘాతం వస్తుంది గదా. ఉద్గారత (తలం వికిరణాన్ని వెదజల్లే సామర్థ్యం) 0.9 అనుకొని, చుట్టూ 40 డిగ్రీలే ఉందనుకొని కట్టు, ఇంకో 34 వాట్లు పోతాయి. గాలి తీసుకుపోయినంత పని దాదాపు వికిరణమూ చేస్తుంది! ప్రశ్నలో అడక్కపోయినా ఒకసారి కట్టి చూడు.

కర్నూలు_గేట్:
బండకు రెండు పక్కలా గాలి తగిలితే 39 కాదు, 78. ప్రశ్నలో ఏముందో చూసుకో తమ్ముడూ.

తాడిపత్రి_మెకానికల్:
'పై తలం నుంచి' అనే ఉందన్నా. 39 రాస్తా.