సైట్ మేనేజర్ సర్టిఫికెట్లు: ఏది రెన్యువల్ చేయించాలె, ఏది అక్కర్లే?

ప్లింత్_బీమ్:
అన్నలకు నమస్తే. కోకాపేటల రెండు టవర్ల సైట్, వచ్చే నెల నుంచి సైట్ మేనేజర్ బాధ్యత. నాది సివిల్ డిప్లొమా. నాలుగు డౌట్లు.
1) పీఎంపీ (పీఎంఐ సంస్థ ఇచ్చే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్) గడువు ఇంక నాలుగు నెలలే. రెన్యువల్‌కు చూపించే శిక్షణ పాయింట్లు, అదే పీడీయూలు, 22 ఉన్నయి, అన్నీ షెడ్యూలింగ్ క్లాసులవే.
2) 2018ల తీసుకున్న నెబోష్ ఐజీసీ (సేఫ్టీ సర్టిఫికెట్) రెన్యువల్ చేయించాల్నా?
3) లేబర్ ఇప్పుడు 320. పోడియం స్లాబులు మొదలైతే 600 దాటుతది. సేఫ్టీ ఆఫీసర్‌గా గూడ నా పేరే రాస్తమంటున్నరు.
4) పర్మిషన్ ఫైల్ల సైట్ ఇంజనీర్‌గా పాతాయన పేరుంది, ఆయన మానేసిండు. ఏం చేయాలె?

కవర్‌బ్లాక్_25:
నెబోష్ ఐజీసీకి ఎక్స్‌పైరీ లేదు. 2018 అయినా 2008 అయినా చెల్లుతుంది. 5 ఏళ్ల లెక్క ఒకటుంది గానీ అది సర్టిఫికెట్‌కి కాదు, యూనిట్లన్నీ ఎన్నాళ్లలో పాసవ్వాలన్న దానికి. ఈ రెండూ కలిపి భయపెట్టి అమీర్‌పేటలో "నెబోష్ రెన్యువల్" అని డబ్బులు గుంజుతున్నారు. మేనేజర్లకి చెప్పే సేఫ్టీ కోర్సు ఐఓష్ మేనేజింగ్ సేఫ్లీ కూడా చెల్లకుండా పోదు, 3 ఏళ్లకోసారి రిఫ్రెషర్ చేస్తే మంచిదంటారు, అంతే. ఓషా (అమెరికా సేఫ్టీ సంస్థ) 30 గంటల కార్డు అడిగితే ఒకటి గమనించు: అసలుది అమెరికా కార్మిక శాఖ పేరుతో వచ్చే ప్లాస్టిక్ కార్డు. "ఓషా ప్రమాణాల ప్రకారం" అని రంగు కాగితం మీద కొట్టిచ్చేది ఆ ఇన్‌స్టిట్యూట్ సొంత కాగితం. నిజంగా గడువుండేది ఫస్ట్ ఎయిడ్‌కి, 3 ఏళ్లు. దాన్ని మాత్రం ఎవడూ చూసుకోడు.

పాత_సెంట్రింగ్:
అసలు ప్రమాదం మూడో ప్రశ్నలో ఉంటే అందరూ నెబోష్ పట్టుకుంటారేంటండీ. బాబూ, ఆ కాగితం మీద సంతకం పెట్టకు. సేఫ్టీ ఆఫీసర్‌కి ఏ అర్హతలుండాలో 1998 నాటి భవన నిర్మాణ కార్మికుల కేంద్ర నిబంధనల్లో 8వ షెడ్యూల్ చూడు. ఇంజనీరింగ్ డిగ్రీ ఉంటే నిర్మాణ పనుల మీద 2 ఏళ్ల అనుభవం, డిప్లొమా అయితే 5 ఏళ్లు. దానికి తోడు ఇండస్ట్రియల్ సేఫ్టీలో డిగ్రీయో డిప్లొమానో ఉండాలి, అందులో కన్‌స్ట్రక్షన్ సేఫ్టీ ఒక పేపరుగా చదివుండాలి. నెబోష్ ఎంత మంచిదైనా ఈ డిప్లొమా లోటు తీర్చదు. పైగా సేఫ్టీ ఆఫీసర్ చేత అతని విధులకి సంబంధం లేని పని, అడ్డొచ్చే పని చేయించకూడదని కూడా అక్కడే ఉంది. స్లాబు ఏడు రోజులకి ఎక్కాలని తరిమేవాడూ, పరంజి బాగాలేదని పని ఆపేవాడూ ఒకే మనిషి ఎలా అవుతాడు?

మైవాన్_మల్లన్న:
ఇంకో లైన్ మరిచినవ్ అన్నా. సైట్ల ఎక్కువ మంది లేబర్ ఏ భాష మాట్లాడుతరో ఆ భాష సేఫ్టీ ఆఫీసర్‌కు వచ్చుండాలె. అదే షెడ్యూల్ల ఉంది. లేబర్ ఒడిశావోళ్లైతే, మన దిక్కు ఎంతమందికి ఒడియా వస్తది?

నార్సింగి_నాయక్:
ఇదేం విడ్డూరం. తెలంగాణల పని చేస్తూ తెలుగొచ్చినోణ్ని పెట్టుకుంటే తప్పా? హిందీ వస్తే చాలు, అందరికీ సమజైతది.

మైవాన్_మల్లన్న:
రాష్ట్రం ఏదని అడగలే రూలు, లేబర్ ఏ భాషోళ్లు అని అడిగింది. హిందీ అందరికీ సమజైతదా? అల్యూమినియం షటరింగ్ల ప్యానెల్ ఊడదీసినా ప్రాప్ (స్లాబు కింద నిలబెట్టే గుంజ) కదలొద్దు, ప్రాప్ హెడ్ స్లాబును పట్టుకొనే ఉండాలె. "ఖోల్ దో" అంటే కొత్త పిలగాడు రెండూ ఖోల్తడు. కాంక్రీట్ పనులకు మన దేశ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం 4.5 మీటర్ల లోపు స్లాబుకు 7 రోజులు, అది దాటితే 14 రోజులు ప్రాప్ నిలబడాలె. మూడో రోజే ప్రాప్ పోతే స్లాబు కిందికి వంగుతది, సన్న పగుళ్లొస్తయి. అంతా అయినంక "సమజ్ నై ఆయా" అంటడు.

నార్సింగి_నాయక్:
మేస్త్రీ ఎందుకున్నడు? చెప్తడు గదా.

పాత_సెంట్రింగ్:
మేస్త్రీకి చదరపు అడుగు లెక్కన డబ్బులొస్తాయండి. ఆగి వివరంగా చెబితే నష్టం అతనికే. మీరు ముందు ఆ షెడ్యూల్ చదివి రండి, తరువాత వాదిద్దాం.

నార్సింగి_నాయక్:
నాకు చదువు చెప్పెటోనివా? నువ్వు రాసిన నిబంధనలే తప్పు. కేంద్ర నిబంధనలు కేంద్రం కింద వచ్చే పనులకు. ప్రైవేట్ టవర్‌కు ఉమ్మడి రాష్ట్రంల 1999ల తెచ్చిన నిబంధనలు చూడాలె.

పాత_సెంట్రింగ్:
అది ఒప్పుకుంటాను. కాగితం మీద రూల్ నంబర్ రాసేముందు అది చూసుకోవాలి. మరి వాటిల్లో సేఫ్టీ ఆఫీసర్‌కి చదువు అక్కర్లేదని ఉందా? లేదు కదా.

మైవాన్_మల్లన్న:
పని అయ్యే ముచ్చట చెప్త వినుండ్రి. గ్యాంగ్‌కు ఒకణ్ని, ఆ భాషోణ్నే పట్టుకో. పొద్దుగాల పని మొదలయ్యే ముందు 10 నిమిషాల టూల్‌బాక్స్ మాటలు (సేఫ్టీ జాగ్రత్తలు) ఆయనతోనే చెప్పించు. రిజిస్టర్ల ఏ భాషల చెప్పింది, ఎవరు చెప్పింది ఒక కాలమ్ పెట్టు. తియ్యొద్దన్న ప్రాప్‌లకు ఎర్ర రంగు కొట్టు. రంగుకు భాష లేదు.

అడ్మిన్:
భాష గొడవ ఇక్కడితో ఆపండి. ఇంకా సాగదీస్తే ఆ పోస్టులు తీసేస్తాం.

క్రాయ్‌డన్_క్రేన్:
యూకే వచ్చే ఆలోచన ఉన్నవాళ్లకి ఒక మాట. ఇక్కడ సైట్ మేనేజర్‌ని అడిగేది ఎస్ఎంఎస్‌టీఎస్ అనే సేఫ్టీ శిక్షణ. 5 రోజుల కోర్సు, 5 ఏళ్లు చెల్లుతుంది. గడువు లోపల అయితే 2 రోజుల రిఫ్రెషర్ సరిపోతుంది, దాటితే మళ్లీ 5 రోజులూ కూర్చోవాలి. మేనేజర్లకిచ్చే బ్లాక్ సీఎస్‌సీఎస్ కార్డు (సైట్‌లో చూపే నైపుణ్య కార్డు) వేరే, దానికి ఎన్‌వీక్యూ అనే వృత్తి అర్హత ఉండాలి. ఎస్ఎంఎస్‌టీఎస్ చూపిస్తే బ్లాక్ కార్డు ఇస్తారనుకుని వచ్చేవాళ్లు ఎక్కువ.

ప్లింత్_బీమ్:
అన్నా, నేను కోకాపేటలనే ఉంట. పీఎంపీ సంగతి ఎవరన్న చెప్పుండ్రి.

త్రిభుజం_60:
ఈ లెక్క నన్ను మించి ఇక్కడ ఎవరూ చెప్పలేరు, రాసుకోండి. 3 ఏళ్లకు 60 పీడీయూలు. అందులో చదువు కింద కనీసం 35. ఆ 35లో మూడు కాళ్లు: వేస్ ఆఫ్ వర్కింగ్ (పని పద్ధతులు), పవర్ స్కిల్స్ (మనుషుల్ని నడిపే నేర్పు), బిజినెస్ అక్యుమెన్ (వ్యాపార అవగాహన), ఒక్కోదానికి కనీసం 8. నీ 22 షెడ్యూలింగ్ క్లాసులూ మొదటి కాలుకే పోయాయి, మిగతా రెండు కాళ్లూ సున్నా. కాబట్టి ముందు పవర్ స్కిల్స్ 8, బిజినెస్ 8 చెయ్యి. మొత్తం 38 అవుతుంది. పీఎంపీగా ఉద్యోగం చేస్తున్నందుకు 8 వేసుకోవచ్చు, అంతకు మించి ఒక్కటి కూడా ఒప్పుకోరు. 46. మిగిలిన 14కి వెబినార్లు, గంటకి ఒకటి. లేదంటే మన హైదరాబాద్‌లో పీఎంఐ శాఖ, పెర్ల్ సిటీ చాప్టర్ సమావేశాలకి వెళ్లు. తొందరలో పడి ఆ 14 కూడా షెడ్యూలింగ్ మీదే చేసినా తప్పు లేదు, రెండు కాళ్లూ ముందు నిండాలి, అంతే. హాజరు కాగితాలు ఈ 3 ఏళ్ల సైకిల్ ముగిశాక 18 నెలలు దాచుకో, ఆడిట్ వస్తే అడుగుతారు.

కవర్‌బ్లాక్_25:
గడువు దాటితే మళ్లీ పరీక్షే కదా?

త్రిభుజం_60:
వెంటనే కాదు. ఒక ఏడాది సస్పెన్షన్. ఆ ఏడాది పేరు పక్కన పీఎంపీ అని రాసుకోకూడదు, టెండర్ బయోడేటాలో అసలే పెట్టకూడదు. అప్పటికీ పూర్తి చేయకపోతే మళ్లీ పరీక్ష. తర్వాతి సైకిల్ తేదీలు మాత్రం మారవు, ఆ ఏడాది దానిలోంచే కోసుకుపోతుంది. అది తెలియక రెండోసారి కూడా ఇరుక్కుంటారు.

టవర్‌క్రేన్_షాద్‌నగర్:
మేనేజర్ల సర్టిఫికెట్లు సరే, క్రేన్ ఆపరేటర్ కండ్లు ఎవరు చూస్తున్నరు? 40 ఏండ్ల దాకా రెండేండ్లకోసారి, ఆ తర్వాత ఏటా మెడికల్ పరీక్ష. క్రేన్‌కు 5 ఏండ్లకోసారి లోడ్ టెస్ట్, ఏడాదికోసారి కాంపిటెంట్ పర్సన్ (అర్హత ఉన్న తనిఖీదారు) తనిఖీ. సైట్ మారిస్తే పాత కాగితం చూపిస్తరు. క్రేన్ విప్పి మళ్లీ నిలబెట్టినంక టెస్ట్ చేయక పాత కాగితంతో నడుపుడేంది? అడుగు పునాది కొత్తది, బోల్టులు కొత్తవి.

మైవాన్_మల్లన్న:
తమ్మీ, లేబర్ 320 అని రాసినవ్. పాత లెక్కల 500 మంది ఉంటేనే సేఫ్టీ ఆఫీసర్. కార్మికుల భద్రత, ఆరోగ్యం మీద తెచ్చిన 2020 కోడ్‌ల నిర్మాణ పనికి 250 అని పెట్టిండ్రు. 2025 నవంబర్ 21 నుంచి ఆ కోడ్ అమలుల ఉంది. 600 అయ్యేదాక ఆగుదమంటే కుదరదు, నువ్వు ఇప్పటికే దాటినవ్.

నార్సింగి_నాయక్:
250 అంటే కంపెనీ మస్టర్ లెక్కనా, కాంట్రాక్టర్ల మనుషులందరా?

పాత_సెంట్రింగ్:
సైట్‌లో పనిచేసేవాళ్లంతా అండి. మేస్త్రీలకి తలా 40 మందిని పంచి చూపించే తెలివి లేబర్ ఆఫీసుకి ఎప్పుడో తెలుసు.

ప్లింత్_బీమ్:
మంచిది. సేఫ్టీ ఆఫీసర్ సంతకం పెట్టనని రేపే చెప్త. నాలుగోది మాత్రం ఎవ్వరూ పట్టించుకోలే.

ముటేషన్_మాదాపూర్:
భవన నిర్మాణ నియమాల మీద 2012 నాటి 168 జీవో చదువు. సైట్ ఇంజనీర్, స్ట్రక్చరల్ ఇంజనీర్, ఆర్కిటెక్ట్ ఎవరు తప్పుకున్నా పర్మిషన్ ఇచ్చిన ఆఫీసుకి రాసివ్వాలి. ఆయన స్థానంలో కొత్తవాళ్లని చూపించేదాకా పని ఆపాలి. పాతాయన రాజీనామా ఉత్తరం కాపీ, అప్పటిదాకా ఎన్నో స్లాబు అయిందో తేదీతో ఫొటోలు, కొత్తాయన అంగీకార పత్రం, ఈ మూడూ ఒకే రోజు ఇవ్వు. రేపు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కి (భవనంలో ఉండేందుకు అనుమతి) పెట్టినప్పుడు నాలుగో స్లాబుకి బాధ్యత ఎవరిదని అడుగుతారు. అప్పుడు ఆయన ఫోన్ ఎత్తడు.

ప్లింత్_బీమ్:
ఆయన ఇప్పుడే ఎత్తుతలేడన్నా.