"బాహువు లొడ్డడు" అంటే అడ్డం పెట్టడనా, చేయి చాచడనా?

చీరాల చెల్లి:
గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. పదో తరగతిలో మా తెలుగు మాస్టారు చదివిన పద్యం ఒకటి నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు. ప్రహ్లాదుణ్ణి హింసిస్తుంటే అతను ఏమేం చేయడో వరసగా చెప్పే పద్యం. "బాహువు లొడ్డడు... దూరడు... దూరడు... కావరే యనడు" ఇంతవరకే నోటికొస్తోంది, మొదలు పోయింది. ఈ వారంలో మా పెద్దమ్మ జ్ఞాపకార్థ కూడిక ఉంది. ఫొటో కింద వేయిద్దామని అనుకుంటున్నాను. "బాహువు లొడ్డడు" అంటే దెబ్బకు చేతులు అడ్డం పెట్టుకోడు అనా, చేతులు చాచి వేడుకోడు అనా? ఫ్లెక్సీ అతనికి రేపు మ్యాటర్ ఇవ్వాలి.

సింగరాయకొండ మాస్టారు:
పోతన భాగవతం, సప్తమ స్కంధం తల్లీ. "తన్ను నిశాచరుల్ పొడువ" అయ్యాక వచ్చేది.

పాఱఁడు లేచి దిక్కులకు, బాహువు లొడ్డఁడు, బంధురాజిలోఁ
దూఱఁడు, ఘోరకృత్యమని దూఱఁడు, తండ్రిని మిత్రవర్గముం
జీరఁడు, మాతృసంఘము వసించు సువర్ణగృహంబులోనికిం
దాఱఁడు, కావరే యనఁడు, తాపము నొందఁడు, కంటగింపఁడున్.

మొదటి దూఱడు జొరబడడు, రెండోది నిందించడు. యతిస్థానంలో అదే మాటను ఇంకో అర్థంతో తెచ్చి నిలబెట్టడం పోతనకే చెల్లింది. ఒడ్డడు అంటే అడ్డం పెట్టడు. ఇందులో సందేహం లేదు.

పెన్నగట్టు (నెల్లూరు):
మాస్టారూ, సందేహం లేకపోవడమేంది? దోసిలి ఒడ్డాడు అంటాం. కొంగు ఒడ్డింది అంటాం. ఒడ్డడమంటే ముందుకు పెట్టడం. ఎందుకు పెట్టారనేది పక్కనున్న మాట చెప్పాలి. ఇక్కడ వెనక "పాఱడు", ముందు "బంధురాజిలో దూఱడు" ఉన్నాయి కాబట్టి అడ్డం అనుకుంటున్నాం, అంతే. వేడుకోడు అన్నా పద్యం ఒప్పుకుంటుంది.

సింగరాయకొండ మాస్టారు:
వేడుకోవడం నాలుగో పాదంలో "కావరే యనఁడు" దగ్గర ఉంది. పోతన ఒకే సంగతి రెండుసార్లు చెప్పడు.

పెన్నగట్టు:
దాక్కోవడం మాత్రం రెండుసార్లు చెప్పాడే! బంధువుల్లో దూఱడు, తల్లుల ఇంట్లోకి తాఱడు.

కావలి కుర్రాడు:
నాదొక మాట. ఒడ్డు అంటే పందెంలో పెట్టడం కూడా. ధర్మరాజు ద్రౌపదిని ఒడ్డాడు. ఈ కథ నారదుడు చెప్పేది ధర్మరాజుకే కదా. "వాడు తన చేతుల బలాన్ని పందెం కాయలేదు" అని జూదరికి తగిలేలా అన్నాడేమో!

పెన్నగట్టు:
తమ్ముడూ, ఊహ బాగుంది కానీ నారదుడు ఈ కథ చెప్పింది రాజసూయంలో, శిశుపాలుడు పోయాక. అప్పటికి జూదమే జరగలేదు.

కావలి కుర్రాడు:
వినేవాడికి జరగలేదు అన్నా. పద్యం రాసినవాడికి తెలుసుగా.

అద్దంకి అక్క:
ఒడ్డడం గురించి అయితే మన టంగుటూరి ప్రకాశం పంతులు గారిని మర్చిపోతే ఎట్లా? 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు తుపాకులకు రొమ్ము ఒడ్డారు. ఈ పిల్లాడు చేతులు ఒడ్డలేదు. ఒకరు ఒడ్డి నిలిచారు, ఒకరు ఒడ్డకుండా నిలిచారు. క్రియ ఒకటే, ధైర్యమూ ఒకటే. నాకైతే పద్యమంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉన్నట్టుంది.

సింగరాయకొండ మాస్టారు:
బాగా చెప్పావమ్మా. అయితే దీనికంటే పెద్ద చిక్కు మూడో పాదంలో ఉంది, ఎవరూ పట్టుకోలేదు. పాఱ, దూఱ, దాఱ మూడూ శకటరేఫలే, అంటే బండి ఱలే. పిలవడం అనే అర్థంలో "చీరు"కు మామూలు రేఫ. ర, ఱ లకు ప్రాస కలిపాడని పోతన మీద, ఛందస్సు నియమాలు రాసిన అప్పకవి కాలం నుంచి తగువుంది.

పెన్నగట్టు:
ఏ ప్రతి చూసి చెబుతున్నారు? పాత అచ్చుల్లో "జీఱడు" ఉండొచ్చు. అసలు ఆ తగువు మా తిక్కన మీద...

చీరాల చెల్లి:
అన్నా, మాస్టారూ, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. పద్యం మొత్తం ఇప్పుడే చూశాను. చూశాక చెయ్యి ఆడలేదు.

మా పెద్దమ్మది కారంచేడు. అప్పుడు ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల. 1985 జులై 16. మంచినీళ్ల చెరువు దగ్గర నీళ్లు పాడుచేయొద్దన్నందుకు మొదలైంది. కొట్టబోతే మున్నంగి సువార్తమ్మ గారు అడ్డుకోవడానికి బిందె ఎత్తిన సంగతి మీకు తెలిసిందే. మర్నాడు ఊరి భూస్వాములు మా దళితుల పేట మీద పడ్డారు. ఆరుగురు మగవాళ్లు పోయారు. మా పెద్దమ్మ లేచి పరుగెత్తింది. కర్ర తల మీదకు వస్తే ఎడమచెయ్యి అడ్డం పెట్టింది. ఆ ముంజేయి చివరిదాకా వంకరగానే ఉంది, బిందె కుడి చంకనే ఎత్తుకునేది. జమ్ములో నక్కింది. కావమని ఎవరెవర్నో పిలిచింది. చీకటి పడ్డాక కాలవ గట్టు వెంట చీరాల చేరింది.

ప్రహ్లాదుడు చేయనివన్నీ మా పెద్దమ్మ చేసింది. ఇప్పుడు ఈ పద్యం ఆమె ఫొటో కింద ఎట్లా వేయను?

అయినా మా వీధి పిల్లలకు ఆమే హీరో. చీరాలలో బాధితుల శిబిరానికి ఎవరొచ్చినా చీర కొంగు తీసి ఆ చెయ్యి చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పేది. మొదట్లో చెబుతుంటే గొంతు పోయేదట. తర్వాత ఎన్నిసార్లు చెప్పినా ఒక్క మాట మారేది కాదు. 2008లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రోజు కూడా మా పిల్లల్ని కూర్చోబెట్టుకుని మళ్లీ మొదటి నుంచి చెప్పింది. అప్పటికి ఇరవై మూడేళ్లు.

అద్దంకి అక్క:
చెల్లీ, చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. ఆ ఘటన తర్వాతే కదా 1989లో అట్రాసిటీ చట్టం వచ్చింది. పరుగెత్తి బతికినవాళ్లు చెప్పబట్టే వచ్చింది.

సింగరాయకొండ మాస్టారు:
తల్లీ, నేను ముప్పై ఏళ్లు ఈ పద్యం పాఠం చెప్పాను. "పాఱడు" దగ్గర గొంతు పెంచి చదివేవాణ్ణి. పారిపోయి బతికిన వాళ్ల పిల్లలు నా ఎదుట బెంచీల మీద ఉండి ఉంటారని ఒక్కసారి తోచలేదు. తోచవలసింది.

ఒక్కటి మాత్రం చూడు. ఏనుగులు, పాములు, విషం అన్నీ అయ్యాక ప్రహ్లాదుడు మళ్లీ ఆ బడికే వెళ్లాడు. గురువులు లేనప్పుడు తోటి పిల్లల్ని దగ్గర చేర్చుకుని తనకు తెలిసింది చెప్పాడు. రాక్షస బాలకులకు అతను పెద్దవాడైంది అక్కడ, ఏనుగు కాళ్ల కింద కాదు. మీ పెద్దమ్మ చేసిందీ అదే.

చీరాల చెల్లి:
ఆ మాట బాగుంది మాస్టారూ. కానీ చివర్లో "కంటగింపడు" ఉంది. ఆమె కంటగించింది. క్షమించమని పాస్టరు గారు చెబితే, "అడిగితే చూద్దాం, ఎవరూ అడగలేదు" అనేది.

పెన్నగట్టు:
అయితే చెల్లీ, నీకు పోతన కాదు, తిక్కన కావాలి. ఉద్యోగపర్వంలో రాయబారానికి బయల్దేరిన కృష్ణుడికి ద్రౌపది తన జుట్టు చూపిస్తుంది. సంధి మాటలు వచ్చినప్పుడు ఇవి గుర్తుంచుకో అంటుంది. మీ పెద్దమ్మ చెయ్యి చూపించడం చదవగానే నాకు ఆ జుట్టే గుర్తొచ్చింది. పదిహేను పర్వాలు రాసిన మహానుభావుడు, పడ్డవాళ్ల కోపాన్ని ఒక్కచోట కూడా చిన్నచేయలేదు.

సింగరాయకొండ మాస్టారు:
తిక్కన గొప్ప ఎవరు కాదన్నారు? కానీ ప్రహ్లాదుడు కంటగించలేదన్న దానికీ సాక్ష్యం ఉంది. చివర్లో నరసింహుణ్ణి కోరింది తండ్రి పాపం పోవాలనే.

పెన్నగట్టు:
తండ్రి కాబట్టి కోరాడు మాస్టారూ. మంచినీళ్ల దగ్గర కొట్టినవాడు తండ్రి కాదు.

కావలి కుర్రాడు:
"కంటగించు" కంటకం నుంచి వచ్చిందంటారు. నాకు మాత్రం కన్ను నుంచి అనిపిస్తుంది. మా నాయనమ్మ కంట్లో నలక పడ్డా "కంటగింపుగా ఉంది" అనేది.

సింగరాయకొండ మాస్టారు:
కంటకమే బాబూ, ముల్లు. కన్ను అయితే "గ" ఎక్కడి నుంచి వచ్చింది?

చీరాల చెల్లి:
మొదటి మాట, చివరి మాట తీసేసి మధ్యది మాత్రం వేయొచ్చా?

సింగరాయకొండ మాస్టారు:
పద్యాన్ని కోయకూడదమ్మా. ప్రాస పోతుంది, కథా పోతుంది. వేస్తే మొత్తం వేయి, లేకపోతే మానేయి.

అద్దంకి అక్క:
పద్యం లేకుండా "ఒడ్డింది" అని ఒక్క మాట వేయించు చెల్లీ, ఆ చెయ్యి కనిపించే ఫొటో ఉంటే.

పెన్నగట్టు:
రేపు పొద్దున మా మామయ్య ఇంట్లో పాత భాగవతం చూస్తాను. అట్టలు ఊడినా సప్తమ స్కంధం గట్టిగానే ఉంది. జీరడా, జీఱడా అనేది తేలిపోతుంది.

చీరాల చెల్లి:
అన్నా, ఆ పేజీలోనే "ఒడ్డడు" కింద టీక ఏం రాశారో కూడా ఫొటో తీసి పెట్టండి. ఫ్లెక్సీ అతన్ని ఎల్లుండి దాకా ఆగమన్నాను.