కూత వినకుండా ‘ట్రిస్టిస్’ అని రాయొచ్చా?

రేగుపొద
నిన్న పొద్దున చెరువు గట్టు కింద జమ్ములో ఒక చిఫ్‌చాఫ్ (పురుగులు తినే చిన్న వలస పిట్ట) కనిపించింది. పావుగంట చూశాను, నాలుగు ఫోటోలు వచ్చాయి. ఒక్కసారి కూడా కూయలేదు. పైనంతా బూడిద కలిసిన గోధుమ రంగు, తల మీదా వీపు మీదా ఆకుపచ్చ ఛాయ లేదు. రొమ్ము మాసిన తెలుపు. కంటి మీది చార, చెవి దగ్గరి ఈకలు లేత గోధుమ. ముక్కు, కాళ్లు నలుపు. పసుపు అనేది రెక్క మడత దగ్గర కొద్దిగా, అంతే. సైబీరియా ఉపజాతి ట్రిస్టిస్ అని జాబితాలో రాసుకోవచ్చా, ఉత్త చిఫ్‌చాఫ్ అని ఉంచాలా?

పొద్దుచెవి
ఉత్త చిఫ్‌చాఫ్ అనే ఉంచండి. ఈ పిట్టలో ఉపజాతిని తేల్చేది కూతే. పశ్చిమ యూరప్‌లో ఉండే కోలిబిటా, స్కాండినేవియా నుంచి తూర్పుగా గూళ్లు కట్టే అబియెటినస్, రెండూ ‘హుయీత్’ అని చివర పైకి లేపుతాయి. ట్రిస్టిస్ ‘హీప్’ అంటుంది. ఒకటే స్వరం, ఎత్తుపల్లాలు ఉండవు, తల్లి నుంచి తప్పిపోయిన కోడిపిల్ల అరిచినట్టు ఉంటుంది. రంగు సంగతంటారా, అబియెటినస్‌లోనూ బూడిద రంగువి ఉన్నాయి. పైగా చలికాలం గడిచేకొద్దీ ఈకల అంచులు అరిగిపోయి ఉన్న ఆకుపచ్చ కూడా పలచబడుతుంది. మూగగా కూర్చున్న పిట్టకి ఉపజాతి పేరు పెట్టడం తొందరపాటు.

నీలిరెక్క
పొద్దుచెవి గారూ, ఒక్క గుర్తు మీద ఎవరూ పేరు పెట్టమనడం లేదు. తలలో ఆకుపచ్చ లేకపోవడం, రొమ్ము మీద పసుపు లేకపోవడం, చెవి ఈకల గోధుమ రంగు, నల్లటి ముక్కు, నల్లటి కాళ్లు, ఇవన్నీ ఒకే పిట్టలో కలిసి కనిపించడం లెక్క. రెక్క అంచుల్లో, నడుము మీద కాస్త ఆకుపచ్చ ట్రిస్టిస్‌కి కూడా ఉంటుంది, అది తల మీదికి రాకూడదు. ఈ ఫోటోల్లో రాలేదు. నేనైతే రాస్తాను.

గోరింట
చలికాలంలో భారత ఉపఖండానికి వచ్చే చిఫ్‌చాఫ్‌లు దాదాపు అన్నీ ట్రిస్టిసే కదా. ఇంత చర్చ ఎందుకు?

పొద్దుచెవి
“అన్నీ అవే కాబట్టి ఇదీ అదే” అని రాస్తూ పోతే, ఆ రాతల్నే చూపించి రేపు ఇంకొకరు “అన్నీ అవే” అంటారు. వేరేది వచ్చినా మనకి ఎప్పటికీ తెలియదు. వాయవ్య కొండల్లో పర్వత చిఫ్‌చాఫ్ అని వేరే జాతే ఉంది, అదీ గోధుమ రంగుదే.

ఇంకొకటి. మూడో ఫోటో పెద్దది చేసి చూడండి. కంటికి ముందు, చార మొదట్లో పసుపు ఉంది. నీలిరెక్క గారు దాని మాటెత్తలేదు.

నీలిరెక్క
అది జమ్ము లేత ఆకు మీద పడిన ఎండ, మొహం మీదికి కొడుతోంది. గొంతు మీద కూడా అదే ఛాయ చూడండి. నాలుగో ఫోటోలో పిట్ట నీడలోకి వచ్చింది, పసుపు పోయింది.

పొద్దుచెవి
నాలుగో ఫోటోలో తల అటు తిరిగి ఉంది. కంటి ముందు భాగం కనిపించనే లేదు. కనిపించనిదాన్ని పోయింది అనకండి. అబియెటినస్, ట్రిస్టిస్ కలిసే ఉరల్ పర్వతాల వైపు కొంచెం పసుపు, ఆకుపచ్చ కలిసిన పిట్టలు ఉన్నాయి. వాటిని ఫుల్వెసెన్స్ అంటారు. అవి సంకరమా, ట్రిస్టిస్‌లోనే ఒక రూపమా అన్నది పక్షి శాస్త్రవేత్తల మధ్యే ఇంకా వాదంలో ఉంది. మీరు ఒక ఫోటోతో తేల్చేస్తున్నారు.

నీలిరెక్క
గొంతు సంగతి చెప్పాను, దానికి జవాబు రాలేదు.

రేగుపొద
మూడో ఫోటో తీసినప్పుడు ఎండ ఎదురుగానే ఉంది. ఇంకేమీ గుర్తులేదు.

తాటిమట్ట
ఫోన్‌లో ట్రిస్టిస్ కూత వేసి చూడండి. బదులిస్తే తేలిపోతుంది.

ఊదాపూత
దయచేసి వద్దు. ఆరు నుంచి తొమ్మిది గ్రాముల ప్రాణి. పగలంతా పురుగులు ఏరుకుంటేనే దానికి చలి రాత్రి గడుస్తుంది. మన సందేహం తీర్చడానికి దాని మేత ఆపకూడదు. దగ్గరికొచ్చి చూసినంత మాత్రాన ఉపజాతి తేలదు కూడా, అది ఏ గొంతుతో కూస్తుందన్నదే కదా కావాల్సింది.

పొద్దుచెవి
ఊదాపూత గారి మాటే నాదీ. ఓపిగ్గా కూర్చుంటే అదే కూస్తుంది.

చిఫ్‌చాఫ్‌నీ, దానిలాగే ఉండే విల్లో వార్బ్లర్, వుడ్ వార్బ్లర్‌లనీ పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండ్ ప్రకృతి పరిశీలకుడు గిల్బర్ట్ వైట్ వేరు చేసింది పాట విని. అప్పటిదాకా కళ్లతో చూసినవాళ్లలో చాలామంది మూడింటినీ కలిపేశారు. 1843లో పక్షి శాస్త్రవేత్త బ్లైత్ ఈ సైబీరియా పిట్టకి పెట్టిన పేరుకి లాటిన్‌లో అర్థం ‘దిగులు’. ఆ కూత వింటే పేరు ఎంత సరిపోయిందో తెలుస్తుంది.

నీలిరెక్క
వైట్ మూడు రకాల పిట్టల్నీ ముందు పెట్టుకుని, అన్నిటికన్నా చిన్నదానికి నల్లటి కాళ్లు, మిగతా రెండింటికీ మాంసం రంగు కాళ్లు అని కూడా రాశాడు. చెవితో పాటు కన్ను కూడా వాడాడు. మాసిన రంగు పిట్టకి దిగులు అన్న పేరూ నప్పుతుంది. కూతలోనూ తికమక ఉంది. శరత్కాలంలో కోలిబిటా పిల్లలు ‘స్వీ-ఊ’ అని కిందికి జారే కూత కూస్తాయి. దాన్ని విని ట్రిస్టిస్ అనుకునేవాళ్లు ఉన్నారు. మీ సాక్ష్యం కూడా మచ్చలేనిది కాదు.

పొద్దుచెవి
జారే కూతకీ చదునైన కూతకీ తేడా తెలియనివాళ్లు వింటే అలాగే ఉంటుంది. ఆరేళ్ల కిందట మూడు పొద్దులు వరసగా ఒకే చోట ట్రిస్టిస్ కూత విన్నాను. రోజూ నలభై నిమిషాలు. రాసి పంపితే ఫోటో లేదని తీసేశారు. మరుసటి ఏడాది అదే చోట వేరే ఒకరి ఫోటో, కన్ను కూడా సరిగా కనిపించని ఫోటో, అదే పేరుతో ఒప్పుకున్నారు. చెవి పెట్టి వినే ఓపిక లేనివాళ్లే ఫోటోలో రంగులు వెతుక్కుంటారు. ఇక్కడ జరుగుతున్నదీ అదే.

నీలిరెక్క
ఓపిక లేక కాదండీ. నాకు యాభై ఏడేళ్లు. నాలుగేళ్లుగా సన్నటి కూతలు నాకు వినపడవు. పక్కవాళ్లు “అదిగో, కూసింది” అంటే పిట్ట ముక్కు తెరుచుకోవడం చూస్తాను. అంతకుముందు ముప్పై ఏళ్లు విన్నవాడినే. అందుకే ఈకలు ఇంత పట్టుగా నేర్చుకున్నాను. “కూత వినకపోతే రాయకండి” అన్న నియమం మీ దృష్టిలో జాగ్రత్త కావచ్చు. అది అమలైతే ఈ పిట్టల దగ్గర నాకు పని ఉండదు. మొదటి నుంచీ నేను వాదిస్తున్నది దీని గురించే, మూడో ఫోటో గురించి కాదు.

గోరింట
ఇద్దరూ కాస్త ఆగండి.

పొద్దుచెవి
మీ సంగతి తెలియక ఆ మాట అన్నాను. తప్పు నాది, మన్నించండి. పిట్ట విషయంలో నా అభిప్రాయం మాత్రం మార్చుకోలేను. నా బాధ కూడా చెప్తాను. మీరు చూసినదానికి ఫోటో ఉంటుంది కాబట్టి నమ్ముతారు. నేను విన్నదాన్ని ఎవరూ నమ్మలేదు. కూతే ముఖ్యమని ఇంత గట్టిగా పట్టుకోవడానికి అదీ ఒక కారణం.

ఊదాపూత
మీ ఇద్దరికీ పనికొచ్చేది ఒకటుంది. ఫోన్‌తో కూతని రికార్డు చేసి సోనోగ్రామ్ తీయండి. శబ్దం బొమ్మగా వస్తుంది. హుయీత్ అయితే గీత చివర పైకి లేస్తుంది, ట్రిస్టిస్ అయితే దాదాపు అడ్డగీతలా ఉంటుంది. వినపడకపోయినా కంటితో చదవొచ్చు. విన్నదానికి సాక్ష్యమూ ఉంటుంది. రేగుపొద గారూ, మళ్లీ వెళ్లగలరా?

రేగుపొద
ఇవాళ ఆరున్నరకి వెళ్లాను. ఏమీ వేయలేదు, గట్టు మీద కూర్చున్నాను. గంట తర్వాత అదే జమ్ములో ఒక చిఫ్‌చాఫ్ పదకొండు సార్లు కూసింది. రికార్డింగ్, బొమ్మ రెండూ జత చేశాను. ఈసారి ఫోటో దొరకలేదు, లోపలే ఉండిపోయింది.

నీలిరెక్క
చూశాను. పదకొండూ చదునుగా ఉన్నాయి, చివర ఒక వెంట్రుకంత దిగుతున్నాయి. పైకి లేచేది ఒక్కటీ లేదు. నాలుగేళ్ల తర్వాత ఈ కూత నాకు మళ్లీ తెలిసింది. రేగుపొద గారూ, చాలా సంతోషం.

పొద్దుచెవి
హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఐదుసార్లు విన్నాను. ట్రిస్టిస్. ఇందులో నాకు అనుమానం లేదు. అయితే ఇవాళ కూసింది మొన్నటి పిట్టేనని ఎలా అంటాం? కాలికి రింగు లేదు, ఇవాళ ఫోటో లేదు.

నీలిరెక్క
ఆ మాట ఒప్పుకుంటాను. రెండు పద్దులుగా రాయండి. మొన్నటిది ఫోటోల మీద, ఇవాళ్టిది కూత మీద.

పొద్దుచెవి
మొన్నటిదానికి ‘ట్రిస్టిస్ కావచ్చు’ అని రాయండి.

నీలిరెక్క
‘కావచ్చు’ నాకు చాలదు.

రేగుపొద
ఇవాళ్టిది ‘ట్రిస్టిస్, కూత రికార్డు చేశాను’ అని రాశాను. మొన్నటిదానికి ‘ట్రిస్టిస్ లక్షణాలున్న చిఫ్‌చాఫ్, కూత వినలేదు’ అని రాసి నాలుగు ఫోటోలూ పెట్టాను, మూడోదానితో సహా. శనివారం మళ్లీ వెళ్తున్నాను.