అప్‌డేట్: పాత విండోస్ ఎస్‌ఎస్‌డీ కొత్త పీసీలో బూట్ అయింది

పాత పీసీలోని విండోస్ 10 ఉన్న ఎస్‌ఎస్‌డీని (డేటా దాచే డ్రైవ్‌ని) కొత్తగా అసెంబుల్ చేసిన పీసీలో పెడితే ఫార్మాట్ లేకుండా నడుస్తుందా అని ఇక్కడ అడిగాను కదా. నడిచింది!

మొదట మాత్రం నేరుగా బయోస్‌కే (పీసీ సెట్టింగుల స్క్రీన్‌కే) వెళ్లింది, పీసీ ఏ డ్రైవ్ నుంచి మొదలవ్వాలో చూపే బూట్ లిస్టులో దీని పేరే లేదు. పాప చిన్నప్పటి ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి, చాలా టెన్షన్ పడ్డాను. కారణం జవాబుల్లో మీరు అనుమానించిందే: పాత డిస్క్ ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతిలో ఉంది, కొత్త మదర్‌బోర్డు యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో మాత్రమే బూట్ చేస్తుంది, దానికి డిస్క్ జీపీటీ పద్ధతిలో ఉండాలి. డ్రైవ్‌ను మళ్లీ పాత పీసీకి తగిలించి, ఫోటోలు బ్యాకప్ తీసుకుని, డిస్క్‌ను ఎంబీఆర్ నుంచి జీపీటీకి మార్చే ‘ఎంబీఆర్2జీపీటీ’ కమాండ్‌ను ముందు వాలిడేట్‌తో (మార్చడం కుదురుతుందో లేదో చూడటానికి), తర్వాత కన్వర్ట్‌తో (నిజంగా మార్చడానికి) నడిపాను. కొత్త పీసీలో ‘గెటింగ్ డివైసెస్ రెడీ’ పక్కన శాతం అంకెలు కదులుతుంటే కళ్లార్పకుండా చూశాను. డెస్క్‌టాప్ ఐకాన్లు ఎక్కడివక్కడే ఉన్నాయి!

నెట్ కేబుల్ పనిచేయడానికి కావాల్సిన లాన్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేశాను. విండోస్ యాక్టివేషన్ పోయింది కానీ, నాది రిటైల్ లైసెన్స్ (వేరే పీసీకి మార్చుకోగలిగేది), పైగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు ముందే లింక్ చేశాను కాబట్టి విండోస్‌లోని యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్‌తో తిరిగి వచ్చింది. సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్ అండీ.