‘దారి విడువబడినది’: ఎవరు విడిచారు, ఎవరికి విడిచారు?

అనంతపురం సభ్యురాలి ప్రశ్న:
మా తాతల నాటి భాగపరిష్కార దస్తావేజులో ఒక వాక్యం ఉంది. “దక్షిణపు రస్తా మొదలుకొని తూర్పు గెనిమ వెంబడి బండ్లు పోవుటకు దారి విడువబడినది.” (గెనిమ అంటే పొలం గట్టు.) ఉత్తర భాగం మాది, దక్షిణ భాగం దాయాదులది. ఇప్పుడు వాళ్లు ఆ దారికి అడ్డంగా కంచె వేశారు. ‘విడువబడినది’ అంటే దారి ఇచ్చేసినట్టా, దయతో నడవనిచ్చినట్టా? వకీలు దగ్గరికి వెళ్లేముందు ఇక్కడ అడుగుదామనిపించింది.

కర్నూలు సభ్యుడి జవాబు:
వకీలును కలవడం మాత్రం మానకండి. మాట వరకు నాకు తోచింది రాస్తాను.

‘విడుచు’ ఒక్క తీరున ఉండే క్రియ కాదు. ప్రాణం విడిస్తే తిరిగి రాదు. చెప్పులు విడిస్తే కాసేపట్లో మళ్లీ తొడుక్కుంటాం. సందు విడిచి గోడ కట్టారంటే ఆ సందు గోడ కట్టినవారిదే, ఖాళీగా ఉంచారంతే. దస్తావేజుల్లో ఎక్కువగా కనిపించేది ఈ చివరి అర్థమే. అంటే ఆ మాట నేల ఖాళీగా ఉందని చెబుతోంది గాని, అది ఎవరిదో చెప్పడం లేదు.

దానికి తోడు ఆ ‘బడు’ ఒకటి. దస్తావేజు లేఖరులకు ‘బడు’ మీద ఉన్న మోజు ఇంతా అంతా కాదు. ‘మేము విడిచితిమి’ అని రాసి ఉంటే విడిచినవారు తెలిసేవారు. ‘విడువబడినది’ అనేసరికి కర్త మాయమయ్యాడు. పాత పత్రాల్లో సగం తగాదాలు ఈ ప్రత్యయం పెట్టినవేనని నా గట్టి అభిప్రాయం.

ఇక్కడ రెండు అర్థాలకు వీలుంది. ఒకటి, ఆ దారి ఉన్న నేల పట్టీని ఎవరి భాగంలోనూ కలపకుండా ఉమ్మడిగా విడిచారు. అలాగైతే నేలలోనే మీకు వాటా ఉంటుంది. రెండోది, పట్టీ దక్షిణ భాగంలోనే ఉంది, దాని మీద నడిచే హక్కు మాత్రం మీది. దీన్నే ఈజ్‌మెంటు హక్కు అంటారు. పరుల నేల మీద ఉంటేనే అది ఈజ్‌మెంటు. తన నేల మీద తనకు యాజమాన్యమే ఉండగా వేరే దారి హక్కు ఎందుకు?

ఏ అర్థం సరైనదో తేల్చడానికి వ్యాకరణం కన్నా కూడిక ఎక్కువ పనికొస్తుంది. సర్వే నంబరు మొత్తం 4 ఎకరాల 20 సెంట్లు అనుకుందాం. చెరొక 2 ఎకరాల 10 సెంట్లు రాసి ఉంటే దారి ఎవరో ఒకరి భాగంలో ఇమిడి ఉంది. చెరొక 2 ఎకరాల 5 సెంట్లు రాసి ఉంటే మిగిలిన 10 సెంట్లు ఉమ్మడి. పదడుగుల వెడల్పున సుమారు 435 అడుగుల పొడవు బాట ఆ 10 సెంట్లలో పడుతుంది.

మీ వాక్యంలో బంగారం లాంటి మాట ‘బండ్లు’. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం మొదటి నుంచీ మద్రాసు రాజధానిలో, అంటే మన జిల్లాల్లో, అమల్లో ఉంది. దాని 28వ సెక్షన్ ప్రకారం ఒక రకం దారి హక్కులో ఇంకో రకం దారి హక్కు కలిసి రాదు. కాలిబాట అని రాసి ఉంటే చీనీకాయలు ఎత్తడానికి లారీ వచ్చిన రోజున గొడవ మొదలయ్యేది. బండ్ల బాటలో ట్రాక్టరు పోవచ్చునా అని అవతలి వకీలు అడగక మానడు. కానీ మనిషి నడిచే దారికీ సరుకు మోసే దారికీ ఉన్నంత దూరం బండికీ ట్రాక్టరుకూ లేదు.

కడప సభ్యుడు:
మా వైపు దీనికి ఒకటే మాట: పన్నెండేళ్లు దాటితే అనుభవించేవాడిదే. కంచె వేసి పన్నెండేళ్లయితే ఆమెకు ఏమీ మిగలదు కదా? శాస్త్రంలోనూ ఉంది.
“పశ్యతోఽబ్రువతో భూమేర్హానిర్వింశతివార్షికీ
పరేణ భుజ్యమానాయా ధనస్య దశవార్షికీ”
అని స్మృతికారుడు యాజ్ఞవల్క్యుడు. పరులు అనుభవిస్తుంటే చూస్తూ నోరు మెదపనివాడికి భూమి ఇరవై ఏళ్లలో, ధనం పదేళ్లలో పోతుంది.
ఇంకొక సంగతి. ఇలాంటివాటికి పత్రికల్లో ‘కబ్జా’ అని రాస్తారు. అరబీలో ఆ మాటకు చేతిలో ఉంచుకోవడమనే అర్థం, అందులో నింద లేదు. మా కడపలో ఉద్యోగం చేసిన బ్రౌన్ దొర కచేరీల్లో నలిగే ఇలాంటి అన్యదేశ్యాలకు విడిగా ఒక నిఘంటువే కూర్చాడు.

కర్నూలు సభ్యుడు:
శ్లోకం బాగా గుర్తు చేశారు. అందులోని ‘భుజ్యమానా’కు, మన దస్తావేజుల్లోని ‘హక్కుభుక్తాల’కు ధాతువు ఒకటే. కానీ ఆ శ్లోకంతో దావా గెలవలేం. ఆ స్మృతికి వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడే తన మితాక్షరలో దానికి పదును తగ్గించి, పోయేది ఫలసాయమే గాని భూమి కాదన్నాడు.

ఆ పన్నెండేళ్లు దావాల గడువు చెప్పే 1963 నాటి లిమిటేషన్ చట్టం 65వ ఆర్టికల్‌లోవి. సర్కారు భూమి అయితే ముప్ఫై. ఆ గడువు నేలను తనదిగా పట్టుకుని కూర్చున్నవాడికి, అదీ అసలు యజమాని హక్కును కాదని బాహాటంగా కూర్చున్నవాడికి. నడిచేవాడు నేలను పట్టుకోడు, దాటి పోతాడు. అతడికి ఇంకో లెక్క ఉంది: ఈజ్‌మెంట్ల చట్టం 15వ సెక్షన్ కింద ఇరవై ఏళ్లు, అడ్డంకి లేకుండా, బహిరంగంగా, హక్కుగా. ఆ ఇరవై ఏళ్లు దావాకు ముందు రెండేళ్ల లోపు వరకు సాగి ఉండాలి. “పన్నెండేళ్లుగా నడుస్తున్నాం, దారి మాదే” అనేవారు రెండు చట్టాలను ఒకే మూటలో కడుతున్నారు. నేల నాదే అంటూ, దాని మీద దారి హక్కు ఉందని కూడా అంటే ఒక మాట ఇంకో మాటను కొట్టేస్తుంది.

‘హక్కుగా’ అన్నది సాక్షి వాడే క్రియలో తేలుతుంది. బోనులో నిలబడి “వాళ్ల నాన్న మంచివాడు, మాకు దారి ఇచ్చాడు” అంటే అది అనుమతి. అనుమతితో ఎన్నేళ్లు నడిచినా హక్కు పుట్టదు. “మాకు అక్కడ దారి ఉంది, ఎవరినీ అడగలేదు” అంటే సంగతి వేరు. మన పల్లెల్లో మర్యాద కోసం ‘ఇచ్చారు’ అనడం అలవాటు. ఆ మర్యాదను అవతలి వకీలు అక్షరం పోకుండా రాసుకుంటాడు. అయితే ఈమెకు రాతపూర్వకంగానే దారి ఉంది కాబట్టి ఇరవై ఏళ్ల లెక్కతో పని పడకపోవచ్చు.

అనంతపురం సభ్యురాలు:
కూడి చూశాను. మొత్తం విస్తీర్ణం రెండు భాగాల్లోనే సరిపోయింది, సెంటు కూడా మిగల్లేదు. కానీ దక్షిణ భాగం హద్దుల్లో “తూర్పు: ఉమ్మడి బండ్ల బాట” అని ఉంది. ఇప్పుడు దేన్ని నమ్మాలి?

కర్నూలు సభ్యుడు:
ఆ ‘ఉమ్మడి’ దొరకడం మీ అదృష్టం. విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరనప్పుడు కోర్టులు సాధారణంగా హద్దులకే విలువ ఇస్తాయి. పైగా ఉమ్మడి నేలలో ఒకరి స్వాధీనం అందరి స్వాధీనంగానే లెక్క. మిమ్మల్ని బాహాటంగా బయటికి నెట్టామని రుజువు చేస్తే తప్ప వాళ్ల పన్నెండేళ్లు మొదలే కావు. కంచె ఏ ఏడాది వేశారో రాసి పెట్టుకోండి. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో దస్తావేజు ధ్రువీకృత నకలు, సర్వే విభాగంలో ఆ నంబరు ఎఫ్.ఎం.బి. (పొలం కొలతల పుస్తకం) పటం తీసుకోండి. పటంలో ఆ బాటకు గీత ఉందో లేదో చూసి ఇక్కడ రాయండి.