అప్‌డేట్: ఫ్లాట్ ఫీట్‌తో పరుగు, సపోర్ట్ షూ కొనాలా, వట్టి కాళ్లతో పరుగెత్తాలా?

నాలుగు నెలల కిందట అడిగాను: నావి చదును పాదాలు, మూడు కిలోమీటర్లు దాటితే ఎడమ చీలమండ లోపలివైపు నొప్పి, ఆర్చ్ సపోర్ట్ (అరికాలి వంపుకి ఆసరా ఇచ్చే) షూ కొనాలా, చెప్పుల్లేకుండా పరుగెత్తాలా అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ముందు ఫిజియోకి చూపించుకోమన్నవాళ్ల మాటే పనికొచ్చింది.

ఆవిడ మునివేళ్ల మీద నిలబడమన్నారు. లేవగానే అరికాలి వంపు కనిపించింది. అంటే బిగుసుకుపోయిన చదును కాదు, ఫ్లెక్సిబుల్ రకం. తర్వాత ఒంటికాలి మీద మడమ లేపమన్నారు. కుడికాలితో 20 సార్లు తేలిగ్గా లేపాను. ఎడమకాలు 8 దగ్గరే వణికిపోయింది. అసలు సంగతి అదీ. వంపును పట్టి ఉంచే టిబియాలిస్ పోస్టీరియర్ టెండన్ (చీలమండ లోపలివైపుగా పాదంలోకి వెళ్లే స్నాయువు) మీద భారం ఎక్కువైంది. నేనేమో రెండు వారాల్లోనే దూరం రెట్టింపు చేసేశాను.

పరుగు సగానికి తగ్గించి, రోజు విడిచి రోజు నెమ్మదిగా మడమలు లేపడం, దించడం. మొదట నేల మీద, తర్వాత మెట్టు అంచున. ఆరో వారానికి పొద్దున్నే మంచం దిగేటప్పుడు వచ్చే నొప్పి పోయింది. ఇప్పుడు 5 కిలోమీటర్లు హాయిగా పరుగెడుతున్నాను.

షూ అంటారా, కాలికి సుఖంగా ఉన్న మామూలు జతే. మొదటి నెల మాత్రం రెడీమేడ్ ఇన్‌సోల్ వేసుకుని తర్వాత తీసేశాను. వంపు ఎంతుందో తెలుసుకోవడానికి తడి పాదం ముద్ర చూసుకోవడం వల్ల ఒరిగిందేమీ లేదు. వట్టి కాళ్లతో గడ్డి మీద పది నిమిషాలు నడుస్తున్నాను, అంతే.

మునివేళ్ల మీద లేచినా వంపు రాకపోయినా, పాదం ఈమధ్యే చదునైనా ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించండి.