గిటార్ ప్రాసెసర్ శబ్దం మధ్యలో తెగిపోతుంటే విడిగా ఇంటర్‌ఫేస్ కొనాల్సిందేనా?

ఆరోతీగ:
గిటార్ శబ్దానికి ఎఫెక్టులు కలిపే ప్రాసెసర్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి రికార్డు చేస్తున్నాను. విండోస్ కంప్యూటర్. కాసేపు బాగానే ఉంటుంది. ఉన్నట్టుండి టప్‌మని చప్పుడు, అర సెకను నిశ్శబ్దం, మళ్లీ మామూలే. అప్పుడప్పుడు సన్నగా చిటపటలు కూడా. డ్రైవర్ తీసేసి మళ్లీ వేసినా మార్పు లేదు. ప్రాసెసర్‌నే ఆడియో ఇంటర్‌ఫేస్‌గా, అంటే శబ్దాన్ని కంప్యూటర్‌కు చేరవేసే పెట్టెగా, వాడటం తప్పని, విడిగా ఒకటి కొనుక్కోమని మిత్రులు పోరుపెడుతున్నారు. నిజంగా అవసరమా?

రాత్రి రికార్డింగ్:
మీ మిత్రులు చెప్పింది నిజమే. ప్రాసెసర్ తయారీదారుల శ్రద్ధంతా టోన్ మీదే ఉంటుంది, యూఎస్‌బీ ఆడియో పేరుకు మాత్రమే. కొనేలోపు బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శబ్దపు ముక్క) పెంచి చూడండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 48 వేల శాంపిళ్లు (శబ్దపు కొలతలు) తీసుకునేటప్పుడు, 64 శాంపిళ్లు అంటే 1.3 మిల్లీసెకన్లు. కంప్యూటర్ అంతలోపు పని ముగించలేకపోతే శబ్దం తెగుతుంది. 256కు పెంచితే 5.3 మిల్లీసెకన్ల వ్యవధి దొరుకుతుంది. వాయించేటప్పుడు ఆ ఆలస్యం పెద్దగా తెలియదు.

మీటర్ మనిషి:
ప్రతి రోగానికీ బఫర్ మందేనా? బఫర్ చాలకపోతే చిటపటలు వస్తాయి, మాట వాస్తవమే. కానీ అర సెకను మాయమైందంటే యూఎస్‌బీ సంబంధమే ఒకసారి తెగి మళ్లీ కలిసి ఉండవచ్చు. కేబుల్ మార్చండి. మధ్యలో హబ్ ఉంటే తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి. విండోస్ పవర్ ఆప్షన్లలో ఊరికే ఉన్న యూఎస్‌బీ పరికరాన్ని నిద్రపుచ్చే యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అనేది ఉంటుంది, దాన్ని ఆపేయండి. ఇవి చూడకుండా కొత్త ఇంటర్‌ఫేస్ కొంటే దాన్నీ ఆ హబ్‌కే తగిలిస్తారు.

ఆరోతీగ:
హబ్ ఉంది, నిజమే. కానీ ఈ కేబుల్‌తోనే ప్రాసెసర్‌కు ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కించాను. ఎక్కడా ఆగలేదు. కేబుల్ చెడిపోతే అదెలా సాధ్యం?

మీటర్ మనిషి:
బాగానే సాధ్యం. ఫైలు వెళ్లేటప్పుడు ఒక ముక్క పాడైతే మళ్లీ పంపుతారు, మనకు తెలియను కూడా తెలియదు. యూఎస్‌బీలో ఆడియో వెళ్లే పద్ధతి వేరు, దాన్ని ఐసోక్రోనస్ అంటారు. అక్కడ సమయానికి చేరడమే ముఖ్యం. పాడైన ముక్కను మళ్లీ పంపే ఏర్పాటే లేదు, పోయింది పోయినట్టే. అందుకే ఫైళ్లకు ఏ లోటూ చేయని కేబుల్ ఆడియో దగ్గర దొరికిపోతుంది.

పాత పెడల్:
ఇద్దరూ ముందే తీర్పు చెప్పేస్తున్నారు. శబ్దం ఎక్కడ తెగుతోందో మొదట తేలాలి కదా! ఆరోతీగ గారూ, హెడ్‌ఫోన్లను ప్రాసెసర్‌కే పెట్టి, యూఎస్‌బీ కేబుల్ పీకేసి వాయించండి. అప్పుడు కూడా తెగితే కంప్యూటర్ జోలికే వెళ్లనక్కర్లేదు. గిటార్ జాక్ నట్టు వదులై ఉండవచ్చు, అడాప్టర్ కరెంటు చాలకపోవచ్చు. ప్యాచ్‌లో (దాచుకున్న టోన్ సెట్టింగులో) నాయిస్ గేట్, అంటే ఒక హద్దుకన్నా చిన్న శబ్దాలను మూసేసే ఎఫెక్టు, దాని హద్దు ఎక్కువగా పెట్టుకుని, సాగదీసిన స్వరం చివర తెగిపోతోందని డ్రైవర్లు మార్చుకుంటూ కూర్చున్నవాళ్లున్నారు. కాలితో తొక్కే ఎక్స్‌ప్రెషన్ పెడల్ వాల్యూమ్‌కు కేటాయించి ఉండి, దాని క్యాలిబ్రేషన్ తప్పినా శబ్దం తనంతట తానే పడిపోతుంది.

యూఎస్‌బీ పెట్టినప్పుడే తెగుతుంటే రికార్డయిన తరంగాన్ని బాగా పెద్దది చేసి చూడండి. వినేటప్పుడు తెగినచోట తరంగం నిండుగా ఉంటే లోపం బయటికి వచ్చే దారిలో ఉంది. క్రమంగా సన్నబడి ఆగితే గేటును అనుమానించండి. కత్తితో కోసినట్టు నిలువుగా పడిపోయి, సున్నా గీతగా సాగి, మళ్లీ ఊపు మధ్యలోంచి మొదలైతే శాంపిళ్లు దారిలోనే పోయాయన్నమాట.

రాత్రి రికార్డింగ్:
పరీక్ష బాగుంది, కాదనను. కానీ నిలువు కోత కనిపించినంత మాత్రాన కేబులే దోషి అని తేలదు. కంప్యూటర్ అందుకోలేకపోయినా అలాగే కనిపిస్తుంది. లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. ఏ డ్రైవర్ కంప్యూటర్‌ను ఎక్కువసేపు పట్టి ఉంచుతోందో చూపిస్తుంది. చాలాసార్లు వైఫై డ్రైవరే పట్టుబడుతుంది. శాంపిల్ రేటు కూడా అంతటా ఒకటే ఉండాలి. 44.1 కిలోహెర్ట్జ్‌లో చేసిన ట్రాకును 48 అనుకుని వాయిస్తే శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమీటోన్లు పెరుగుతుంది. అలా పెరిగినట్టు అనిపిస్తే తేడా అక్కడే.

ఆరోతీగ:
చేసి చూశాను. హెడ్‌ఫోన్లు ప్రాసెసర్‌కే పెడితే ఎంతసేపు వాయించినా తెగలేదు. రికార్డింగులో మాత్రం పాత పెడల్ గారు చెప్పిన నిలువు కోతలే ఉన్నాయి. హబ్ తీసేసి, పొట్టి కేబుల్‌తో నేరుగా కలిపాక అర సెకను ఖాళీలు మళ్లీ రాలేదు. చిటపటలు మిగిలాయి. లేటెన్సీమాన్‌లో నెట్‌వర్క్ డ్రైవర్ పేరు పైన ఉంది. వైఫై ఆపితే చిటపటలు కూడా పోయాయి.

మీటర్ మనిషి:
హబ్ సంగతి మొదటే చెప్పాను.

రాత్రి రికార్డింగ్:
వైఫై సంగతి నేనూ చెప్పాను. చిటపటలు డ్రైవర్ వల్లే వచ్చాయి. మంచి ఇంటర్‌ఫేస్ డ్రైవర్ అయితే తక్కువ బఫర్ దగ్గర కూడా నిలదొక్కుకుంటుంది.

పాత పెడల్:
వైఫై డ్రైవర్ ప్రాసెసర్‌ను ఆపితే ఇంటర్‌ఫేస్‌నూ ఆపుతుంది. దానికి డబ్బు ఖర్చుపెట్టడం దేనికి? వైఫై డ్రైవర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చి చూడండి. అప్పటికీ పోకపోతే రికార్డు చేసేటప్పుడు వైఫై ఆపుకోవడమే.

ఆరోతీగ:
అలాగే చేస్తాను. ఇంటర్‌ఫేస్ ఇప్పట్లో కొనను.

రాత్రి రికార్డింగ్:
పాటకు గొంతు కూడా కలపాలనుకుంటే? మీ ప్రాసెసర్‌కు మైకు పెట్టే జాక్ ఉందా?

ఆరోతీగ:
లేదు. గొంతు మా తమ్ముడిది, వాడు తన ఫోనులో రికార్డు చేసి పంపుతాడు.

రాత్రి రికార్డింగ్:
ఫోనులోనా! దాని మీద ఇంకో చర్చ మొదలుపెడతాను ఉండండి.